ఒకటో తరగతికి వారం ప్లాన్: ఒక గుడి, ఒక లెక్క, గ్లాసులో నాలుగు పెసలు

ఒకటి, రెండు తరగతులకు కొత్తగా చెప్పేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను. సోమవారం ఒక ఆట, మంగళవారం ఒక చార్టు, బుధవారం కత్తెర, గమ్ము, రంగు కాగితాలు. శుక్రవారానికి పిల్లలకి ఏదీ గుర్తులేదు, నాకు మాత్రం నడుం నొప్పి మిగిలింది.

వారానికి అక్షరాల్లో ఒక్క విషయం, లెక్కల్లో ఒక్క విషయం చాలు. దాన్నే ఐదు రోజులూ వేషం మార్చి తిప్పండి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ సైకాలజిస్టు అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని, ఒకే రోజు కూర్చుని రుద్దడం కన్నా కొన్ని రోజులకు విడగొట్టి మళ్లీ చూసుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తుందని ఆయన లెక్కల్లో తేలింది. అంత పెద్దాయన పరిస్థితే అలా ఉంటే ఆరేళ్లవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఈ వారం గుడి, గుడిదీర్ఘం అనుకుందాం. సోమవారం పలకలు, పెన్సిళ్లు బయటికి తీయనివ్వకండి, చెవులతోనే పని. మీరు మాట చెప్పండి, పొట్టి శబ్దానికి ఒక చప్పట, సాగే శబ్దానికి చేతులు బార్లా చాచాలి. 'కిటికీ' దీనికి భలే మాట, చప్పట, చప్పట, ఆపైన చేతులు చాపడం. 'పీట'ని 'పిట' అని రాసే పిల్లల్లో చాలామందికి తేడా చెవికే పట్టి ఉండదు, అలాంటప్పుడు చేత్తో పదిసార్లు రాయించి ప్రయోజనం లేదు. మంగళవారం పలక మీద పి, పీ. బుధవారం పాఠంలో గుడిదీర్ఘం ఎక్కడెక్కడుందో వేట. గురువారం డిక్టేషన్, ఐదే మాటలు: పిలక, పీట, చిలుక, చీమ, కిటికీ.

లెక్కల్లో పదులు, ఒకట్లు. ఇది ఒక్క వారంతో తేలకపోవచ్చు, టెన్షన్ పడకండి. ఇరవై మూడు రాయమంటే 203 రాసే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లు తప్పుగా ఆలోచించడం లేదు, ఇరవై విన్నారు, 20 వేశారు, మూడు విన్నారు, పక్కన 3 వేశారు. తిట్టకుండా పుల్లలు ఇవ్వండి (మొదటి ఐదు నిమిషాలు అవి కత్తులవుతాయి, కానివ్వండి). పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు బల్ల మీద పెట్టి కట్టల కింద 2, విడివాటి కింద 3 వాళ్ల చేతే రాయించండి. మర్నాడు 23, 32 పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో వాదించుకోనివ్వండి, మీరు మధ్యలో తీర్పు చెప్పకండి. ఆ తర్వాతి రోజు పుల్లలు దాచేసి బోర్డు మీద కట్టకో నిలువు గీత, విడి పుల్లకో చుక్క, గురువారం ఉత్త అంకెలే.

సైన్సుకి వేరే పీరియడ్ వెతుక్కోనక్కర్లేదు. ఆదివారం రాత్రి నానబెట్టిన పెసలు నాలుగు, గాజు గ్లాసులో తడి దూదికీ గాజుకీ మధ్య ఇరికించండి, బయటినుంచి కనబడాలి. దూది తడిగా ఉంటే చాలు, నీళ్లు నిలిస్తే గింజకు గాలి ఆడక కుళ్లిపోతుంది. పక్కన పోల్చి చూడ్డానికి పెసలతోనే తడి లేని గ్లాసు ఒకటి. రోజూ మూడు నిమిషాలు చూసి బొమ్మ వేయడమే. ముందు వచ్చేది ఆకా, వేరా అని సోమవారమే చేతులెత్తించి లెక్క రాసిపెట్టుకోండి. వేరే ముందు వస్తుంది, ఆకు పక్షంవాళ్లు మాత్రం శుక్రవారం దాకా ఒప్పుకోరు.

శుక్రవారం పరీక్ష అనే మాటే ఎత్తకండి. మూడు ప్రశ్నలు, పలక మీద రాసి అందరూ ఒకేసారి పైకి చూపించాలి. తప్పు రాసినవాళ్ల పేర్లు మీ డైరీలో మాత్రమే. సగంమంది తప్పితే వచ్చే సోమవారం మళ్లీ గుడిదీర్ఘమే, సిలబస్ ఎంత వెనకబడినా సరే. నలుగురైదుగురే తప్పితే కొత్తది మొదలుపెట్టి, సోమవారం మిగతావాళ్లు బొమ్మలు వేసుకుంటున్నప్పుడు ఆ నలుగురినీ దగ్గర కూర్చోబెట్టుకుని ఒక పది నిమిషాలు మళ్లీ 'కిటికీ'.