కొబ్బరి చెట్ల మధ్య హామ్ (ఔత్సాహిక రేడియో) యాంటెన్నా కట్టేటప్పుడు

ముందు చూడాల్సింది చెట్టును కాదు, కరెంటు తీగల్ని. యాంటెన్నా తెగినా, చెట్టే ఒరిగినా లైన్ మీద పడకూడదు. కోనసీమ తోటల్లో 11 కేవీ తీగలు మట్టల్లో కలిసిపోయి కనపడవు. స్తంభం నుంచి స్తంభానికి నడిచి చూసుకోండి. లైన్ పైనుంచి, కింద నుంచి వైరు దాటించే ఆలోచనే వద్దు.

40 మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండులో డైపోల్‌కి, అంటే మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా చాచే వైరు యాంటెన్నాకి, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు, చెరో వైపు పది. మడత కోసం అరమీటరు ఎక్కువే కోయండి, తర్వాత కత్తిరించుకోవచ్చు.

గాలికి కొబ్బరి చెట్టు బాగా ఊగుతుంది. రెండు కొసలూ బిగించి కడితే వైరు తెగడం ఖాయం. ఒక కొస కట్టేసి, రెండోదాని తాడును గిలక మీదుగా దించి ఐదు కిలోల ఇసుక డబ్బా వేలాడదీయండి. కొసల్లో ఇన్సులేటర్లు (కరెంటు పారని బిళ్లలు) తప్పనిసరి, ప్రసార సమయంలో అక్కడే వోల్టేజి ఎక్కువ. గిలక కట్టడానికి దింపు తీసేవాళ్లను పిలవండి. మేకులు కొట్టొద్దు.

ఎర్తింగ్ దగ్గర పిసినారితనం పనికిరాదు. యాంటెన్నా నుంచి రేడియోకి వచ్చే కోయాక్సియల్ కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట, బయటే, అరెస్టర్ (పిడుగు కరెంటును భూమిలోకి మళ్లించే పరికరం) పెట్టి ఎర్త్ రాడ్‌కి కలపండి. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ 810వ ఆర్టికల్ ఇలాంటి స్టేషన్లకు కనీసం 10 గేజి రాగి తీగ అడుగుతుంది. మన కొట్లలో 6 చదరపు మిల్లీమీటర్లది సరిపోతుంది. ఈ రాడ్‌ని ఇంటి ఎర్త్‌తో కలపకపోతే పిడుగు పడినప్పుడు రెంటి మధ్య వోల్టేజి తేడా వల్ల కరెంటు రేడియో గుండానే పోతుంది. అరెస్టర్ ఉన్నా, ఉరిమితే కేబుల్ ఊడదీయాల్సిందే.

అంతర్వేది వైపు ఉప్పుగాలికి రాగి జాయింట్లు పచ్చబడతాయి. సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) చుట్టండి. తుఫాను కబురు వస్తే గిలక తాడు వదిలి వైరు దించేయండి.