అడవిలో కొలువు కావాలంటే: పాలమూరు, నల్గొండ పిల్లలకు నాలుగు మాటలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మా వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ‘అన్నా, నాకు అడవంటే ప్రాణం, పులుల మీద పని చేయాలని ఉంది, ఏం చదవాలి?’ నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ ఊరి చెరువు కట్ట మీదున్న చెట్లలో పదింటి పేర్లు చెప్పు. వేప, తుమ్మ, రావి, మర్రి, ఈత... అక్కడికి ఆగిపోతారు. తప్పేం లేదు, నేనూ అక్కడే ఆగినవాణ్నే.

బీఎస్సీ అయ్యాక అచ్చంపేట వైపు ఒక సర్వేలో ఫీల్డ్ అసిస్టెంట్ పని దొరికింది నాకు. మొదటి రోజే మాతో నడుస్తున్న చెంచు పెద్దాయన ఒక చెట్టు బెరడు మీద చెయ్యి పెట్టి, ‘ఇది గుడ్డేలుగు గీకింది, వానల ముందటిది’ అన్నాడు. ఎట్లా తెలిసిందని అడిగితే, గీతల అంచులు చూడు, బెరడు ఉబ్బి మళ్లీ మూసుకుంటోంది అన్నాడు. నా దగ్గర పట్టా ఉంది, జీపీఎస్ మెషిన్ ఉంది, కానీ ఆ రోజు ఫారంలో నేను నింపినదంతా ఆయన చెప్పిందే. అందుకే కోర్సుల సంగతి తర్వాత చెప్తాను, ముందు ఈ పని ఎట్లా ఉంటుందో వినండి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో పని చేసేవాళ్లు పులిని చూసే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతా రోజులన్నీ నడక, రిజిస్టర్లు, నీళ్లు, అగ్గి. ఫిబ్రవరి నుంచి మే దాకా అగ్గి కాలం. ఉపగ్రహం ఎక్కడో వేడిని గుర్తిస్తే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోన్లకు అలర్ట్ వస్తుంది, బీట్ ఆఫీసర్ (బీట్ అంటే ఒకరికి అప్పజెప్పిన అడవి ముక్క), వాచర్లు ఆకులు ఊదేసే బ్లోయర్ మెషిన్లు భుజాన వేసుకుని పరుగెడతారు. తీరా పోయాక అది ఎవరో చెల్కలో కంప తగలబెట్టింది కావొచ్చు, నిజంగానే గుట్ట అంటుకుని ఉండొచ్చు. ఎండాకాలం సాసర్ పిట్లలో, అంటే జంతువులు నీళ్లు తాగే గుంటల్లో, ట్యాంకర్‌తో నీళ్లు నింపించాలి. లాంటానా అనే పిచ్చి పొద పీకించాలి, అగ్గి దాటకుండా ఫైర్ లైన్లు కొట్టించాలి, కూలీల మస్టర్ రాయాలి. నీ చెమటకు మూగే చిన్న ఈగలు కళ్లలోకి దూరుతుంటే కూడా రాయాలి.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఇది సగం మనుషులతో పని. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు రాలిన పువ్వు కనపడాలని చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు, అది కొన్నిసార్లు గుట్టంతా పాకుతుంది. వాళ్ల మీద అరిచి కేసు పెడతామని బెదిరిస్తే మరుసటి ఏడు పెట్టి పారిపోతారు, అంతే తేడా. నాకు తెలిసిన ఒక బీట్ ఆఫీసర్ మార్చిలో చీపుర్లు పట్టుకుని వాళ్లతో పాటు తెల్లారకముందే చెట్ల కిందికి పోయి ఆకులు ఊడ్చేవాడు. ఆ బీట్‌లో తర్వాత అగ్గి లేదని చెప్పను, తగ్గింది. పల్లెటూరి మాట, పెద్దవాళ్లతో కూర్చుని తిని మాట్లాడటం వచ్చిన పిల్లలకు ఇక్కడ పట్నం పిల్లల కంటే పని పది అడుగులు ముందే మొదలవుతుంది, ఆ సంగతి మన పిల్లలకే తెలియదు.

ఇవన్నీ విన్నాక కూడా ‘అయినా సరే అన్నా’ అంటే, దారులు చూద్దాం.

ఎక్కువమంది అడిగేది సర్కారు కొలువు. కింది నుంచి చూస్తే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజర్, ఆ పైన ఎఫ్‌డీఓ (డివిజన్ ఆఫీసర్), డీఎఫ్‌ఓ (జిల్లా ఫారెస్ట్ ఆఫీసర్). బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ పాసైతే చాలు, సెక్షన్ ఆఫీసర్ నుంచి డిగ్రీ కావాలి, అది కూడా సైన్సు, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ లాంటివి, ఏ డిగ్రీ అయినా నడవదు. పరీక్ష పెట్టేది పబ్లిక్ సర్వీస్ కమిషన్. 2017లో 1,857 బీట్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఒక పేపర్ జనరల్ నాలెడ్జ్, ఇంకొకటి పదో తరగతి స్థాయి లెక్కలు. చెట్లు, జంతువుల గురించి చదివి లెక్కలు వదిలేసి పోయినవాళ్లు మా బ్యాచ్‌లోనే ముగ్గురున్నారు. వయసు, ఎత్తు, ఛాతీ కొలతలు నోటిఫికేషన్‌లో ఉంటాయి, అవి అందులోనే చూసుకోండి, యూట్యూబ్ వీడియోలు నమ్మొద్దు.

రాత పరీక్ష తర్వాత నడక పరీక్ష. మగవాళ్లకు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 16. నాలుగు గంటలు ఉంది కదా అనుకుంటారు. లెక్క వేస్తే గంటకు ఆరుంపావు కిలోమీటర్లు, నాలుగు గంటలూ తగ్గకుండా, అది మామూలు నడక కాదు. మొదటి పదిహేను బాగానే ఉంటాయి, ఆ తర్వాత మడమ మీద బొబ్బ లేస్తుంది. కొత్త బూట్లు వేసుకుని పరీక్షకు పోకండి. మూడు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు పొద్దున్నే తారు రోడ్డు మీద పది కిలోమీటర్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే సరిపోతుంది. సెలెక్ట్ అయితే ట్రైనింగ్ హైదరాబాద్ శివార్లలో దూలపల్లి ఫారెస్ట్ అకాడమీలో.

ఐఎఫ్‌ఎస్, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్, సంగతి వేరు. యూపీఎస్సీ పెడుతుంది, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది, డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ లాంటి సబ్జెక్టు ఒకటైనా ఉండాలి, లేదా అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ. బీఏ, బీకామ్ చేసి తర్వాత తెలుసుకుని బాధపడేవాళ్లు ఏటా కనిపిస్తారు కాబట్టి ఇంటర్‌లో ఉన్నప్పుడే ఇది చెవిన వేసుకోండి.

చదువు దారిలో మన రాష్ట్రంలో ముందు చూడాల్సింది ములుగు ఫారెస్ట్ కాలేజీ. ములుగు అంటే సమ్మక్క జాతర జిల్లా కాదు, సిద్దిపేట జిల్లాలో రాజీవ్ రహదారి పక్కన ఉన్న ములుగు. ఒకాయన కొడుకును తీసుకుని వరంగల్ బస్సెక్కి ఆ జాతర ములుగు దాకా పోయి నాకు ఫోన్ చేశాడు. కాలేజీ 2016లో మొదలైంది, నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ, బైపీసీ చదివినవాళ్లకు. సీట్లు తక్కువ. రాకపోతే ఆగం కావద్దు, మన డిగ్రీ కాలేజీల్లో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ గ్రూపు తీసుకోండి, అసలు తేడా కాలేజీ బయట మీరేం చేశారన్న దాంట్లో ఉంటుంది. ఆ తర్వాత పీజీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్)లో రెండేళ్లకోసారి బ్యాచ్ తీసుకునే వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ, పక్షులంటే కోయంబత్తూరులో సలీం అలీ పేరు మీదున్న పక్షుల పరిశోధన సంస్థ సాకాన్. పశువుల డాక్టర్ చదివి ఈ వైపు రావడం కూడా మంచి దారే. మా హైదరాబాద్ జూ వాళ్లు, అత్తాపూర్‌లోని సీసీఎంబీ (జీవకణాల పరిశోధన సంస్థ) వాళ్ల లేబరేటరీ కలిసి మూషిక జింకలనే చిన్న జింకల్ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు, అలాంటి పనికి డాక్టర్లు, ల్యాబ్ మనుషులు, ఆ తర్వాత అడవిలో వాటి వెనక తిరిగేవాళ్లు అందరూ కావాలి.

ఇంక మూడోది, నేను వచ్చిన దారి, ప్రాజెక్టుల్లో ఫీల్డ్ అసిస్టెంట్. నాలుగేళ్లకోసారి దేశమంతా పులుల లెక్క ఉంటుంది, 2006 నుంచి ఇప్పటి పద్ధతిలో చేస్తున్నారు. ఒక్కో బీట్‌లో పులి, చిరుతల జాడల కోసం విడతకు ఐదేసి కిలోమీటర్లు మొత్తం పదిహేను నడుస్తారు, జింకల కోసం రెండు కిలోమీటర్ల గీత మీద తెల్లవారుజామున నడుస్తారు, పేడ లెక్కపెడతారు, ఆ తర్వాత ఎదుట ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు. కెమెరాను మోకాలి ఎత్తున దారికి రెండు వైపులా కట్టాలి, ఎందుకంటే పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకేలా ఉండవు, ఒక్క వైపే తీస్తే ఒక పులిని ఇద్దరిగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. నా మొదటి కెమెరా ముందు బోద గడ్డి కోయకుండా కట్టేసి వచ్చాను. వారం తర్వాత కార్డు తీస్తే గాలికి ఊగుతున్న గడ్డి ఫొటోలు వేలకు వేలు, బ్యాటరీ ఖాళీ. మా సార్ తిట్టలేదు, కొడవలి చేతిలో పెట్టి మళ్లీ పంపాడు, పోను రాను పద్నాలుగు కిలోమీటర్లు.

ఇలాంటి పనులు పేపర్లో ప్రకటనగా రావడం తక్కువ. వైల్డ్‌లైఫ్ సంస్థల సైట్లు చూస్తుండాలి, పని చేసేవాళ్లకు మెయిల్ పెట్టాలి. ఆ మెయిల్‌లో ‘నాకు చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ఇష్టం’ అని మొదలుపెట్టకండి, వచ్చే మెయిళ్లన్నీ అలాగే ఉంటాయి. మా ఊరు ఫలానా మండలం, బైకు లైసెన్సు ఉంది, రోజుకు పదిహేను కిలోమీటర్లు గుట్టల్లో నడవగలను, ఎక్సెల్ వచ్చు, ఎనిమిది నెలలుగా మా చెరువు దగ్గర పక్షుల లిస్టు రాస్తున్నా, ఇదిగో లింకు. ఇంతే రాయండి, ఎనిమిది లైన్లు దాటొద్దు. మీ తెలుగు, మీ మండలం పేరే అక్కడ పెద్ద క్వాలిఫికేషన్. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన రీసెర్చర్‌కు పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, మాట్లాడి పెట్టే మనిషి లేక పని ఆగిపోతుంది.

ఆ లిస్టు ఎట్లా మొదలుపెట్టాలి? ఒక నోట్‌బుక్, రెండు వేల నుంచి దొరికే బైనాక్యులర్, ఫోన్లో పక్షుల లిస్టు రాసుకునే ఈ-బర్డ్ యాప్. అడవికి పోవాల్సిన పని లేదు, అసలు అనుమతి లేకుండా రిజర్వులోకి పోతే కేసు అవుతుంది. మీ ఊరి చెరువు, గుట్ట, పొలం గట్టు చాలు. పాలపిట్ట, కౌజుపిట్ట, తీతువు, ఏట్రింత, పైడికంటె... ఒక్కో దాన్ని ఇంట్లో అమ్మమ్మ ఏ పేరుతో పిలుస్తుందో కూడా పక్కన రాసుకోండి. చెట్ల కోసం జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అధ్యాపకులు, పిల్లలు పెంచిన బొటానికల్ గార్డెన్ ఉంది, పేర్ల బోర్డులతో సహా, అక్కడ రెండు మూడు ఆదివారాలు గడిపితే పుస్తకంలో నెల చదివినంత. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలని, ఊళ్లో ఉన్న చెట్లు, పంటలు, జీవాలు, వాటి వాడకం ఒక రిజిస్టర్లో రాయాలని 2002 జీవవైవిధ్య చట్టం చెప్తుంది. మీ ఊరి రిజిస్టర్ ఎక్కడుందో పంచాయతీలో అడిగి చూడండి. దొరికితే తప్పులు దిద్దండి, దొరక్కపోతే మీకు పని దొరికినట్టే.

పులి దగ్గరే ఉండిపోకండి, ఇంకో మాట. నారాయణపేట వైపు కృష్ణ, మాగనూరు మండలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా చేలల్లో పడి మొలకలు తినేస్తుంటే రైతులు తల పట్టుకుంటున్నారు. జింకనూ కాపాడాలి, రైతూ బతకాలి, ఈ రెండింటి మధ్య పని చేసే మనుషులు చాలా తక్కువ, రాబోయే రోజుల్లో కొలువులు అక్కడే ఎక్కువని నా లెక్క. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినే తీసుకోండి. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడితే, చెదలు తొలుస్తున్నాయని తేలి, 2018లో మనిషికి ఎక్కించినట్టు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. చెట్టుకు వైద్యం కూడా ఒక ఉద్యోగమేనని నాకు అర్థమైంది ఆ బాటిళ్లు చూశాకే.

పెద్ద చదువు లేనివాళ్లకు బేస్ క్యాంపు వాచర్, ట్రాకర్, అమ్రాబాద్ అడవిలోని ఫరహాబాద్ సఫారీలో గైడ్, నర్సరీ పనులున్నాయి. వీటిలో చెంచు పిల్లలు చాలామంది చేస్తున్నారు, వాళ్లకే రావడం న్యాయం కూడా. జీతం తక్కువ, అదీ ఔట్‌సోర్సింగ్, ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఈ పోస్టులు ఇప్పిస్తామని పైసలు అడిగే బ్రోకర్లు ఉంటారు, లక్ష అన్నా పదివేలన్నా ఇవ్వకండి.

పైసల మాట వచ్చింది కాబట్టి నాది కూడా చెప్తాను. నా రెండో ప్రాజెక్టులో నోటి మాట మీద చేరాను, ఏ కాగితమూ లేదు. మూడు నెలలు జీతం పడలేదు, బైకు పెట్రోలు నాదే, అడవి రోడ్డు మీది మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు కాబట్టి లేటైన రోజుల్లో రూము ఖర్చూ నాదే. అడిగితే ఫండ్ రాలేదన్నారు, ఆఖరికి సగమే ఇచ్చారు. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే నేను ముందు అడిగేవి: నెలకు ఎంత, ఏ తారీకున, పెట్రోలు ఎవరిది, పాము కరిచినా ఎలుగు గీరినా ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా. ఇవన్నీ ఒక మెయిల్‌లో రాయించుకోండి, ఆఫర్ లెటర్ ఇవ్వకపోయినా పర్వాలేదు. అడిగితే పని పోతుందేమోనని టెన్షన్ పడకండి, ఇవి అడిగినందుకు వద్దనేవాళ్ల దగ్గర పని చేయకపోవడమే మేలు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మాత్రం ప్రాజెక్టు చివరి రోజే, సామాను అప్పజెప్పకముందే తీసుకోండి, ఆ తర్వాత ఎవరూ ఫోన్ ఎత్తరు.