ఆడవాళ్లకు రోజువారీ వాడకానికి ఎన్ని జతల చెప్పులు కావాలి? లెక్క తేల్చుకోవడం ఎలా?

నాలుగు జతలు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకైనా, ఇంటిపట్టున ఉండేవాళ్లకైనా అంతే. ఇంట్లో తొడుక్కునే హవాయి చెప్పులు ఈ లెక్కలోకి రావు. నెల్లూరులో మా బంధువుల ఇళ్లలో చెప్పుల స్టాండు సర్దే పని ఎప్పుడూ నా మీదే పడుతుంది. ఏ ఇంట్లో చూసినా పది పన్నెండు జతలుంటాయి, బయలుదేరేటప్పుడు మాత్రం వేసుకోవడానికి ఒక్కటీ ఉండదు. అందరూ మోజు అంటారు గానీ, కారణం అది కాదు. రోజూ వేసుకునే జత కరుస్తుంటే ఇంకొకటి కొంటారు, అదీ కరిస్తే మరొకటి.

ముందు ఉన్నవన్నీ వరండాలో పరచండి. పక్కన ఒక పాత సంచి పెట్టుకోండి. రెక్సిన్ పొట్టు రాలుతున్నవీ, అతుకు వేసినా నిలవనివీ అందులోకి. ఏడాదిగా కాలికి తగలనివి ఎవరికైనా ఇచ్చేయండి. పెళ్లిళ్ల కోసం అట్టపెట్టెలో దాచినవాటిని మాత్రం ఒకసారి వంచి చూడండి. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోలు వాడకపోయినా గాలిలోని తేమకు చివికిపోతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది, కల్యాణ మండపం మెట్లెక్కేసరికి ముక్కలుగా రాలుతుంది.

మిగిలినవాటిని నాలుగు పనులకు పంచండి: రోజూ తిరగడానికి సాండల్స్, నడకకు బూట్లు, వానకు తడిసినా చెడనివి, శుభకార్యాలకు ఒక జత. వానకు వేరే జత ఎందుకనకండి. మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజుల్లో తోలు చెప్పులు తడిస్తే ఆరవు, బూజు పడతాయి.

శుభకార్యాలకు బంగారు రంగు జత ఒక్కటి చాలు. చీర రంగుకు చెప్పు రంగు కలిపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. కుచ్చిళ్ల కింద కనిపించేది వేళ్ల కొసలే కదా! మడమ ఎత్తు రెండు వేళ్లు దాటకూడదు. కుచ్చిళ్లు పోసుకునే ముందే చెప్పులు తొడుక్కోవాలి, లేకపోతే తరువాత చీర పైకి లేచి చీలమండలు బయటపడతాయి. ఇంట్లో చెప్పులేమిటి అనిపిస్తే కింద పేపరు పరుచుకోండి.

ఇక అసలు పని రోజువారీ జతను ఎంచుకోవడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

పొద్దున కొనకండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఉదయం సరిపోయిన చెప్పు సాయంత్రానికి బిగుస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు దుకాణాల్లో ఎంత రద్దీ ఉన్నా సాయంత్రమే వెళ్లండి.

దుకాణంలో నంబరు అడిగితే చెప్పకండి, కొలవమనండి. పెళ్లినాటి నంబరునే పట్టుకు కూర్చునేవాళ్లు ఎక్కువ. కాన్పుల తరువాత, వయసు మీద పడ్డాక పాదం పెరగవచ్చు. పైగా కంపెనీకో కొలత. నిలబడి రెండు పాదాలూ కొలిపించుకుని, పెద్దదానికి సరిపడేది తీసుకోండి. కొందరికి బొటనవేలికన్నా పక్క వేలు పొడుగు, అప్పుడు లెక్క ఆ వేలిదే. బూట్లయితే దాని ముందు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. సాండల్స్ అయితే వేలు గానీ మడమ గానీ అంచు దాటకూడదు.

తరువాత చెప్పును చేతిలోకి తీసుకుని వంచండి. వేళ్లు మొదలయ్యే చోట వంగాలి. నడిమధ్యలో మడత పడితే పక్కన పెట్టండి. పట్టీ సోలులోకి దిగే చోట వేలితో తడమండి. ఉత్త జిగురుతో అంటించినది వద్దు, కుట్టు ఉండాలి. తివాచీ మీద కాకుండా గచ్చు మీద నడవండి, మెట్లుంటే ఎక్కి దిగండి. చిటికెన వేలి పక్కన ఏమాత్రం ఒరుసుకున్నా, ధర ఎంత తగ్గించినా, వదిలేయండి. వాడేకొద్దీ సాగుతాయంటారు, నమ్మకండి. తోలు వెడల్పున కాస్త సాగుతుందే తప్ప పొడవున సాగదు. రెక్సిన్‌పై ఆ ఆశ కూడా పెట్టుకోవద్దు.

లేసులున్నవి రోజువారీకి పనికిరావు. గడప దాటిన ప్రతిసారీ విప్పే మనుషులం మనం. రంగనాయకుల గుడి ముందు జనం తోసుకుంటుంటే వంగి ముడులు విప్పడం ఎవరివల్ల అవుతుంది? వెనక ఒక్క పట్టీ, అదీ అంటించి లాగేసే వెల్క్రో రకం అయితే చాలు. ఫోనులో కొని, సరిపోకపోతే తిప్పి పంపవచ్చంటారు పిల్లలు. తిప్పి పంపడానికి బద్ధకించి ఉంచుకున్నవే ఆ స్టాండులో సగం.

కొత్త జతను మొదటి వారం ఇంట్లోనే గంటసేపు వేసుకుని తిరగండి, అడుగు మాయనంతవరకు మార్చుకునే వీలుంటుంది. తడిస్తే ఎండలో పెట్టకండి, మన ఎండకు జిగురు వదిలేస్తుంది. లోపల పాత పేపరు కుక్కి ఫ్యాను కింద ఆరబెట్టండి, పేపరు తడిసినప్పుడల్లా మార్చండి.