టొరంటో వైపు అద్దె ఇల్లు: శ్రీకాకుళంలోనే మొదలుపెట్టవలసిన పని

శ్రీకాకుళంలో అద్దె ఇంటికి వెళ్తే యజమాని ముందుగా అడిగేది "మీరు ఎవరి తాలూకు?" అని. ఆ జవాబు నచ్చితే మిగిలినవి వాటంతట అవే సర్దుకుంటాయి. కెనడాలోని టొరంటోలో దానికి బదులు క్రెడిట్ స్కోరు (అప్పులు, బిల్లులు సకాలంలో తీర్చిన తీరును చూపే అంకె), ఉద్యోగ పత్రం, పాత యజమాని మాట అడుగుతారు. కొత్తగా దిగిన కుటుంబం దగ్గర సాధారణంగా ఆ మూడూ ఉండవు.

కాబట్టి బయలుదేరే ముందే ప్రస్తుత యజమాని చేత, మీరు ఎన్నేళ్లు ఉన్నారో, అద్దె సకాలంలో కట్టారో లేదో ఇంగ్లీషులో రాయించి, సంతకంతోపాటు ఆయన ఫోన్ నంబరు కూడా వేయించుకోవాలి. బ్యాంకు నిల్వ పత్రం తప్పనిసరి. చాలామంది మరచిపోయేది పిల్లల టీకాల కార్డు. అక్కడి బడిలో టీకాల వివరాలూ నివాస రుజువూ రెండూ అడుగుతారు కనుక, ఏఎన్ఎమ్ చేతిరాతతో ఉన్న ఆ కార్డుకు ఇంగ్లీషు అనువాదం ఇక్కడే చేయించుకోవడం మేలు.

పూర్వం రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లినవారికి ముందుగా చేరిన ఊరివాళ్లే గది చూపించేవారు. ఇప్పుడు ఆ పని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు చేస్తున్నాయి. మొదటి రెండు మూడు వారాల బసకు అవి చాలు, కానీ ఏడాది లీజు మాత్రం ఇంటిని కళ్లారా చూశాకే రాయాలి. తాను విదేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయని చెప్పేవాడికి ఒక్క డాలరు కూడా పంపరాదు.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర చట్టం ప్రకారం అద్దె డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. అది చివరి నెల అద్దె కింద జమ అవుతుంది. ఇంటికి నష్టం జరిగితే అంటూ వేరే డిపాజిట్ అడగడం కుదరదు. కొత్తవారిని ఆరు నెలల అద్దె ముందే కట్టమనే యజమానులు ఉన్నారు. అలా పట్టుబట్టే హక్కు వారికి లేదు. 2018 ఏప్రిల్ 30 నుంచి రాసుకునే చాలా ప్రైవేటు అద్దెలకు ప్రభుత్వ ప్రామాణిక లీజు పత్రం ఉంది, దానినే అడగాలి.

చవక అని బేస్‌మెంట్ (ఇంటి కింద నేలలోపలి అంతస్తు) తీసుకునేవారు కిటికీ, పొగ అలారంతోపాటు ఇంటి వేడిని పెంచి తగ్గించే థర్మోస్టాట్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. మా మొదటి చలికాలంలో అది పై అంతస్తులోని యజమాని చేతిలో ఉండేది. పిల్లలు స్వెటర్లతోనే పడుకునేవారు. యజమాని వేడి ఇచ్చే ఇళ్లలో సెప్టెంబరు 1 నుంచి జూన్ 15 వరకు కనీసం 20 డిగ్రీలు ఉండాలన్న ఒంటారియో నియమం మాకు ఆలస్యంగా తెలిసింది. ఇల్లు చల్లగా ఉందన్న ఫిర్యాదు రాతపూర్వకంగా, తేదీతో, థర్మామీటరు ఫొటోతో పంపాలి.

ఇక ఎండుమిరపకాయల పోపుకు పొగ అలారం మోగడం ఖాయం. దానిని ఊడదీయడం చట్టవిరుద్ధం. నూనె కాగక ముందే పొయ్యి మీది ఫ్యాను వేసి, కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి.