సినిమా సమీక్ష రాద్దాం – 6వ పాఠం: కథ ఎక్కడ దారి తప్పింది?

మిమ్మల్ని నిరాశపరిచిన ఒక డ్రామా గురించి రాయమని పోయిన పాఠంలో అడిగాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకటే మాట: ‘సెకండాఫ్ ల్యాగ్’. అందుకే ఈసారి నటన గురించి చెప్పాలనుకున్నది వాయిదా వేస్తున్నాను. ముందు ఈ సంగతి తేలాలి.

ల్యాగ్ వేరు, కథ దారి తప్పడం వేరు. ఇల్లు వదిలి వెళ్లిపోయిన కొడుకును ఒక తల్లి వెతుకుతోందనుకోండి. వాడి పాత చొక్కాకు ఊడిన గుండీ కుట్టే సీను నాలుగు నిమిషాలు నడిచింది. మాటల్లేవు. సూదిలోకి దారం ఎక్కడానికే చాలాసేపు పట్టింది. సీను నెమ్మదే, కానీ కథంతా అందులోనే ఉంది: వాడు తిరిగొస్తాడని ఆమె ఇంకా నమ్ముతోంది. తర్వాత, ఆమెకు సాయం చేసే ఇన్‌స్పెక్టర్ ఒక ముఠాను తరిమే ఛేజ్ వచ్చింది. పరుగులు, టెన్షన్, అదిరిపోయే సౌండ్. ఎవరికీ బోర్ కొట్టదు. ఆ ముఠాకూ కొడుక్కూ మాత్రం ఏ సంబంధమూ లేదు. దారి తప్పింది అక్కడే. మీరేమో గుండీ సీనును తిట్టి, ఛేజ్‌ను మెచ్చుకుని, చివర్లో తల్లీకొడుకులు కలిసినా కన్నీళ్లు రాకపోతే ‘ఎమోషన్ కనెక్ట్ కాలేదు’ అని రాస్తున్నారు. ఎలా అవుతుంది? అప్పటిదాకా ఇన్‌స్పెక్టర్ గెలవాలనే కోరుకుంటూ కూర్చున్నాం, కొడుకును మర్చిపోయాం. దయచేసి నిడివిని నిందించకండి.

అసలు ఉపకథే తప్పని కొందరు రాశారు. అదీ ఒప్పుకోను. నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని ఆధికారికం, ప్రాసంగికం అని రెండుగా విభజించింది. మొదటిది ప్రధాన కథ, రెండోది దానికి ఉపకరించేది. ప్రాసంగికంలో చాలా దూరం సాగేదాన్ని పతాక అంటారు. రామాయణంలో సుగ్రీవుడి కథ అలాంటిదే. రాజ్యం, భార్య దక్కాక అతను సుఖాల్లో పడి ఇచ్చిన మాట మర్చిపోతాడు. అప్పుడు లక్ష్మణుడు కోపంతో కిష్కింధకు వస్తాడు. ఆ తర్వాతే వానరులు సీతను వెతకడానికి నలుదిక్కులా బయల్దేరతారు. ఉపకథ పక్కకు పోతుంటే ప్రధాన కథే వచ్చి నిలదీసిందన్నమాట. మన ఇన్‌స్పెక్టర్‌ను అలా నిలదీసినవాళ్లు లేరు.

ఇంటర్వెల్‌లో నేను ఒక వాక్యం రాసుకుంటాను: ‘ఇప్పుడు నాకు ఏం తెలుసుకోవాలని ఉంది?’ సినిమా అయ్యాక దానికి జవాబు దొరికిందా లేదా చూసుకుంటాను. నా సమీక్షలో మొదటి పేరా అక్కడి నుంచే వస్తుంది. పాటలను ఈ లెక్కలోకి తీసుకోను.

అభ్యాసం: పోయినసారి రాసిన సినిమానే మళ్లీ పూర్తిగా చూడండి. ప్రతి సీనుకూ ఒక వాక్యం రాయండి: ఇందులో ఎవరు ఏం కోరుకుంటున్నారు? ప్రధాన పాత్ర కోరిక వరుసగా మూడు సీన్లలో కనిపించకపోతే అక్కడ గీత గీయండి. ఆ గీత దగ్గర మొదలుపెట్టి, ‘ల్యాగ్’ అనే మాట వాడకుండా, సమీక్ష మళ్లీ రాయండి.