ఆర్డర్ మారగానే మెసేజ్ వెళ్లాలా? లారావెల్‌లో అబ్జర్వర్ పెట్టండి

పర్లాకిమిడిలో ఒక బియ్యం కొట్టు బిల్లింగ్ యాప్ ఉందనుకోండి. ఆర్డర్ పడగానే స్టాక్ తగ్గాలి, కొన్నవాళ్లకి తెలుగులోనో ఒడియాలోనో మెసేజ్ వెళ్లాలి. ఈ కోడ్‌ని ప్రతి కంట్రోలర్‌లో రాస్తూ పోతే ఏదో ఒకచోట మర్చిపోతాం. అందుకే లారావెల్‌లో (PHPతో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) అబ్జర్వర్ ఉంది: మోడల్‌లో, అంటే ఆర్డర్ల లాంటి డేటాబేస్ టేబుల్‌ని సూచించే క్లాస్‌లో, మార్పు రాగానే తనంతట తాను నడిచే కోడ్.

టెర్మినల్‌లో మేక్:అబ్జర్వర్ కమాండ్‌కి అబ్జర్వర్ క్లాస్ పేరు, మోడల్ పేరు ఇస్తే ఫైల్ తయారవుతుంది. లారావెల్ 11లో అయితే మోడల్ క్లాస్ మీదే ఆ అబ్జర్వర్ పేరు ఇచ్చి అబ్జర్వ్‌డ్‌బై అనే యాట్రిబ్యూట్ రాస్తే రెండూ కలుస్తాయి.

ఆ ఫైల్‌లోని ఫంక్షన్లలో క్రియేటింగ్ అంటే కొత్త రికార్డు సేవ్ కాకముందు నడిచేది, క్రియేటెడ్ అంటే అయ్యాక. స్టాక్ చాలకపోతే క్రియేటింగ్‌లోనే ఫాల్స్ రిటర్న్ చేసి ఆపేయొచ్చు. అప్‌డేటెడ్‌లో మాత్రం వాజ్‌చేంజ్డ్‌తో స్టేటస్ నిజంగా మారిందో లేదో చూసుకోండి, లేకపోతే ఫోన్ నంబరు సరిదిద్దినా "మీ సరుకు బయల్దేరింది" అని మెసేజ్ పోతుంది.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే: వేర్ షరతు పెట్టి ఒకే క్వెరీతో బోలెడు రికార్డులు అప్‌డేట్ చేస్తే అబ్జర్వర్ అసలు పలకదు, ఎందుకంటే మోడళ్లు లోడే కావు. ఇంకో చిక్కు: ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి సేవ్ అయ్యే, లేదా అన్నీ రద్దయ్యే డేటాబేస్ పనుల గుంపు) మధ్యలో మెసేజ్ వెళ్లిపోయి తర్వాత రోల్‌బ్యాక్, అంటే రద్దు, అయితే, లేని ఆర్డర్ కోసం పాపం ఎవరో గుణుపూర్ నుంచి బస్సెక్కి వచ్చేస్తారు! మెసేజ్ పంపే అబ్జర్వర్ క్లాస్‌కి షుడ్‌హ్యాండిల్‌ఈవెంట్స్‌ఆఫ్టర్‌కమిట్ ఇంటర్‌ఫేస్ తగిలించండి, ట్రాన్సాక్షన్ పూర్తయ్యాకే అది నడుస్తుంది. క్రియేటింగ్‌లో ఆపే పనిని మాత్రం ఈ ఇంటర్‌ఫేస్ లేని వేరే అబ్జర్వర్‌లో ఉంచండి. అబ్జర్వర్ లోపల అదే మోడల్‌ని మళ్లీ సేవ్ చేయాల్సొస్తే, అబ్జర్వర్‌ని మళ్లీ కదిలించని సేవ్‌క్వైట్లీ వాడండి.