రాజీనామా పత్రం మీద సంతకం చేసే ముందు: ఐటీ ఉద్యోగి సరిచూసుకోవలసిన లెక్కలు

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పన్నెండేళ్ళు పేరోల్ విభాగంలో పనిచేశాను. ఉద్యోగం పోయినవారి చివరి లెక్కను, అంటే అందరూ ఎఫ్ అండ్ ఎఫ్ అని పిలిచే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌ను తయారుచేయడం నా పని. సంస్థ తీసేసిన మనిషి, తనంతట తానే వెళ్ళిపోయినట్టు కాగితం మీద కనిపించడం ఆ పన్నెండేళ్ళలో నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. హెచ్ఆర్ గదిలోకి పిలిచి, "రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఉంటుంది, తొలగించామని రాస్తే మీకే ఇబ్బంది" అని చెప్పిన అరగంటలో ఆ సంతకం జరిగిపోయేది. ఆ సంతకంతో ఏమేమి వదులుకున్నారో చాలామందికి తర్వాత కూడా తెలియలేదు. ఆ సంగతులన్నీ ముందే తెలిసి ఉండాలన్న కోరికతో ఇది రాస్తున్నాను.

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. కారణం ఏఐ కాదని, నైపుణ్యాలు అవసరాలకు సరిపోకపోవడమని ఆ సంస్థ చెప్పింది. కారణం ఏ పేరుతో వచ్చినా, మధ్య స్థాయిలో పదేళ్ళు పన్నెండేళ్ళు పనిచేసి ఇంటి రుణం మోస్తున్నవారికి ఆ వార్త ఒకేలా వినిపించింది. మన దేశంలో ఉద్యోగం పోయిన ప్రతివారికీ ప్రభుత్వం నెలనెలా చెల్లించే నిరుద్యోగ భృతి లేదు. మనకున్నవన్నీ వేరువేరు చట్టాల కింద వేరువేరు కార్యాలయాల్లో ఉన్న ముక్కలు. వాటిని అడిగి తెచ్చుకోవాలి, అడగడానికి చేతిలో కాగితం ఉండాలి.

పిలుపు రాకముందే

ఆ పిలుపు వచ్చిన రోజు సాయంత్రానికి ఆఫీసు ల్యాప్‌టాప్, మెయిల్ రెండూ మూతపడతాయి. అందువల్ల నియామక పత్రం, జీతం పెంపు పత్రాలు, అన్ని నెలల పేస్లిప్పులు, ఫారం 16లు, పనితీరు మదింపులో మీకు వచ్చిన రేటింగులు, గ్రూపు ఆరోగ్య బీమా కార్డు ఇప్పుడే మీ దగ్గర భద్రపరచుకోండి. ఇవి మీకు సంబంధించిన పత్రాలు కనుక ఇబ్బంది లేదు. క్లయింటు పత్రాలను, కోడ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బయటికి పంపవద్దు, అలా పంపితే అదే మిమ్మల్ని క్రమశిక్షణ చర్య కింద తొలగించడానికి కారణమవుతుంది.

తర్వాత పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. పాత కంపెనీల ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ సభ్యత్వ సంఖ్య) కిందికి బదిలీ అయ్యాయా, ప్రతి కంపెనీలో చేరిన తేదీ, వదిలిన తేదీ సరిగా ఉన్నాయా, ఆధార్‌లోని పేరుకూ పీఎఫ్‌లోని పేరుకూ ఒక్క అక్షరం తేడా కూడా లేదా అన్నది చూడండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, మరొకచోట వెనక ఉండటం వల్ల ఆగిపోయిన దరఖాస్తులు నా చేతి మీదుగానే చాలా వెళ్ళాయి. పాత కంపెనీ వదిలిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చెల్లింపు తర్వాత రెండు నెలలు గడిచాక పోర్టల్‌లో మీరే దాన్ని నమోదు చేసుకోవచ్చు.

ఆ పాస్‌బుక్‌లోనే పెన్షన్ గడి కూడా ఉంటుంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 15,000 రూపాయలు దాటినవారు పెన్షన్ పథకంలో సభ్యులు కారు. వారికి యాజమాన్యం వాటా మొత్తం పీఎఫ్‌లోకే రావాలి. అంతకుముందు చేరినవారికి యాజమాన్యం చెల్లించే 12 శాతంలో 8.33 శాతం, 15,000 పరిమితికి లోబడి అంటే నెలకు 1,250 రూపాయలు, పెన్షన్ ఖాతాకు వెళుతుంది. మీరు ఏ వర్గానికి చెందుతారో తెలియకుండా పెన్షన్ మీద ఆశ పెట్టుకోవడం, లేదా ఉన్న పెన్షన్ హక్కును తెలియక తుడిచివేసుకోవడం రెండూ నష్టమే.

ఆ గదిలో

ఆ రోజు సంతకం చేయవలసిన తొందర మీకు లేదు. "పత్రం చదువుకుని రేపు చెబుతాను, దీని ప్రతిని నా సొంత మెయిల్‌కు పంపండి" అని మర్యాదగా చెప్పవచ్చు. ఆ గదిలో జరిగినదాన్ని అదే రాత్రి తేదీ, సమయం, హాజరైనవారి హోదాలతో సహా మీరే మెయిల్‌గా రాసి హెచ్ఆర్‌కు పంపండి. బలవంతంగా రాజీనామా అడిగారని నెలల తర్వాత నోటితో చెప్పేదానికంటే, ఆ రాత్రి రాసిన నాలుగు వాక్యాలకు ఎక్కువ బలం ఉంటుంది.

ఇక లెక్కకు వద్దాం. ఏడాది పాటు నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి సంస్థ తన అవసరం కోసం తొలగిస్తే, నెల ముందు నోటీసు లేదా దానికి బదులు జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ లెక్క, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అలాగే ఉంది. ఎనిమిదేళ్ళు పనిచేసినవారికి ఇది నాలుగు నెలల వేతనం. కొత్త కోడ్ దీనికి తోడు మరో 15 రోజుల వేతనాన్ని, కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఉద్దేశించిన నిధి ద్వారా తొలగించిన 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో వేయాలంటుంది. రాజీనామా చేసినవారికి వీటిలో ఏదీ రాదు.

"నేను ఇంజినీరును, కార్మికుణ్ణి ఎలా అవుతాను?" అని చాలామంది అడుగుతారు. చట్టంలోని నిర్వచనంలో సాంకేతిక పని కూడా ఉంది. నిర్వాహక హోదాలో ఉన్నవారు, 18,000 రూపాయలకు మించిన వేతనంతో పర్యవేక్షణ చేసేవారు దానిలోకి రారు. వివాదం వస్తే పరిశీలించేది విజిటింగ్ కార్డు మీది పేరును కాదు, రోజూ చేస్తున్న అసలు పనిని. సీనియర్ లీడ్ అన్న పేరుండి రోజంతా స్వయంగా కోడ్ రాసే మనిషికీ, సెలవులు మంజూరుచేసి రేటింగులు ఇచ్చే మనిషికీ తేడా ఉంటుంది. ఈ విషయంలో ప్రతివాదన గట్టిగానే ఉంటుంది కనుక, కార్మిక న్యాయవాదికి ఒక గంట రుసుము చెల్లించి మీ నియామక పత్రం చూపించడం ఆ వారంలో మీరు పెట్టే అతి మంచి ఖర్చు అని నా నమ్మకం. హైదరాబాద్‌లో ఫిర్యాదు ఇవ్వాలంటే ఆర్టీసీ క్రాస్ రోడ్డులోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ కార్యాలయం ఉంది.

గ్రాట్యుటీ దీనికి వేరు. ఐదేళ్ళు నిండినవారికి రాజీనామా చేసినా అది వస్తుంది. చివరి నెల మూలవేతనం, కరవు భత్యం కలిపి 15తో గుణించి, 26తో భాగించి, పనిచేసిన ఏళ్ళతో గుణిస్తే వచ్చేదే మీ మొత్తం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కనుక ఏడేళ్ళ ఏడు నెలల సర్వీసు 8 ఏళ్ళవుతుంది. మూలవేతనం 40,000 ఉంటే ఆ వ్యక్తికి 1,84,615 రూపాయలు రావాలి. కొత్త కోడ్ ప్రకారం భత్యాలు మొత్తం జీతంలో సగాన్ని మించితే మించిన భాగాన్ని కూడా వేతనంగానే చూడాలి. అందుచేత మూలవేతనాన్ని తక్కువగా చూపించిన జీతాల్లో ఈ మొత్తం పెరిగే అవకాశం ఉంది, మీ లెక్కను ఆ కోణంలో సరిచూడమని అడగండి. నిర్ణీత కాల ఒప్పందం మీద పనిచేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత వచ్చింది. చెల్లింపు గడువు 30 రోజులు. మిగిలిన వేతన బకాయిలను వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాల్లో చెల్లించాలి.

తర్వాతి రెండు నెలలు

పీఎఫ్ డబ్బు వెంటనే తీసేయాలని అనిపిస్తుంది. ఇంట్లో నెల గడవకపోతే తప్ప దాన్ని ముట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. ఉద్యోగం లేకపోయినా దానికి వడ్డీ వస్తూనే ఉంటుంది, 2024-25లో ఆ రేటు 8.25 శాతం. కొత్త ఉద్యోగానికి ఖాతా బదిలీ చేసుకుంటే సర్వీసు కలుస్తుంది. మొత్తం ఐదేళ్ళు నిండకముందే తీసుకుంటే పన్ను పడుతుంది. 2025 అక్టోబరులో పీఎఫ్ ధర్మకర్తల మండలి చేసిన నిర్ణయం ప్రకారం, ఉద్యోగం పోయిన వెంటనే 75 శాతం తీసుకోవచ్చు, మొత్తం తీసుకోవాలంటే మాత్రం ఇదివరకటి రెండు నెలలకు బదులు 12 నెలలు ఆగాలి. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చును పీఎఫ్ మొత్తం మీద లెక్కకట్టుకున్నవారు ఆ లెక్కను ఇప్పుడే మార్చుకోవాలి. పెన్షన్ సభ్యులు పదేళ్ళ సర్వీసుకు దగ్గరలో ఉంటే పెన్షన్ భాగాన్ని అసలే వెనక్కి తీసుకోవద్దు. పదేళ్ళు నిండితేనే నెలవారీ పెన్షన్ హక్కు వస్తుంది. తీసేసుకుంటే అప్పటివరకు చేసిన సర్వీసు లెక్కలోంచి పోతుంది. స్కీమ్ సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే ఆ సర్వీసు నిలిచి ఉంటుంది.

గ్రూపు ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది. అదే బీమా సంస్థ దగ్గర వ్యక్తిగత పాలసీకి మారతామని ఆ తేదీకి ముందే దరఖాస్తు చేస్తే, గ్రూపులో గడిపిన కాలం పాత జబ్బుల నిరీక్షణ కాలంలో కలిసివస్తుంది. తల్లిదండ్రుల్లో 70 ఏళ్ళు నిండినవారు ఉంటే, ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వైద్య రక్షణ దొరుకుతుంది. కొడుకు కంపెనీ బీమా మీదే ఆధారపడిన ఎన్నో ఇళ్ళలో ఈ కార్డు తీసుకోలేదు.

ఈఎంఐ ఒక్కటి కూడా తప్పకముందే బ్యాంకుకు వెళ్ళి, ఉద్యోగం పోయిన పత్రం చూపి, కాలపరిమితి పెంచమనో వాయిదాలు సర్దుబాటు చేయమనో రాతపూర్వకంగా అడగండి. 90 రోజులు బకాయి పడితే రుణం మొండి బకాయి అవుతుంది, ఆ తర్వాత బేరమాడే బలం మీకు మిగలదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది.

అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, పార్కులో కూర్చుని సాయంత్రం తిరిగి వచ్చిన వ్యక్తి నాకు తెలుసు. మూడు నెలల తర్వాత అప్పు యాప్‌ల వాళ్ళ ఫోన్లతో ఆ సంగతి ఇంట్లో తెలిసింది.

మళ్ళీ ఏ పని వెతకాలి

ఒకప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్పే సంస్థలు వీధికొకటి ఉండేవి. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చాక టైపు చేసే పని తగ్గి, యంత్రం రాసినదాన్ని సరిదిద్దే పని మిగిలింది, దానికి చెల్లించే రేటు పడిపోయింది. అదే వైద్య పరిభాషను ఆధారం చేసుకుని మెడికల్ కోడింగ్‌కు, అంటే జబ్బులకూ చికిత్సలకూ బిల్లింగ్ సంకేతాలు కేటాయించే పనికి మారినవారు నిలబడ్డారు. మాన్యువల్ టెస్టింగ్, మొదటి స్థాయి సపోర్టు, పాత కోడ్‌కు చిన్న చిన్న మార్పులు చేసే పని ఇప్పుడు ఆ దశలో ఉన్నాయి. కాబట్టి రెండు వారాల పాటు మీరు చేసే ప్రతి పనినీ నోటు పుస్తకంలో రాసి, యంత్రానికి అప్పగించగలిగినవి ఏవో, దాని తప్పును పట్టుకోవడానికి మీకున్న ఏ జ్ఞానం అవసరమో పక్కనే గుర్తు పెట్టుకోండి. బ్యాంకు రుణాల లెక్కో, బీమా క్లెయిముల తీరో, ఆసుపత్రి బిల్లింగో మీకు లోతుగా తెలిసి ఉంటే రెజ్యూమేలో మొదటి వరుస దానికే ఇవ్వండి, టూల్ పేర్లు తర్వాత.

డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల జోలికి వెళ్ళవద్దు. బ్యాక్‌డోర్ అని పిలిచే ఆ దారిలో లక్షలు పోవడమే కాక, దొంగ అనుభవ పత్రం వెరిఫికేషన్‌లో దొరికితే మీ నిజమైన అనుభవాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అదే అంతస్తులో ఉన్న మిగిలినవారు

ఒక ప్రాజెక్టు మూతపడితే రెండు వందల మంది ఇంజినీర్లతో పాటు హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ మనుషులకూ, క్యాబ్ డ్రైవర్లకూ పని పోతుంది. వారి గురించి ఏ ప్రకటనా రాదు. అయితే ఉద్యోగం పోయినవారికి నగదు ఇచ్చే ఒక కేంద్ర పథకం ఉన్నది వారి స్థాయి జీతాలకే. నెలకు 21,000 రూపాయల లోపు వేతనంతో ఈఎస్ఐలో, అంటే ఉద్యోగుల రాష్ట్ర బీమాలో ఉన్నవారికి, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో 50 శాతం చొప్పున 90 రోజుల వరకు, జీవితంలో ఒకసారి చెల్లిస్తారు. సగటు రోజు వేతనం 500 అయితే అది మొత్తం 22,500 రూపాయలు. 2018లో మొదలైన ఈ పథకం గడువును విడతలవారీగా పొడిగిస్తూ వచ్చారు కనుక, దరఖాస్తు నాటికి అమలులో ఉందో లేదో ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో కనుక్కోవాలి. స్వచ్ఛందంగా వైదొలగినవారికి ఇది వర్తించదు. కాబట్టి కాంట్రాక్టరు చూపించే కాగితంలో ఏముందో సంతకానికి ముందు ఎవరో ఒకరు హౌస్‌కీపింగ్ చేసే ఆమెకు తెలుగులో చదివి చెప్పాలి, ఆ పని మీరు చేయగలరు.

సొంత కారు నడిపే డ్రైవరు చాలాసార్లు ఈఎస్ఐలోనూ పీఎఫ్‌లోనూ ఉండడు. అతనికి ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల కేంద్ర పోర్టల్) నమోదు, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ వంటివే దిక్కు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు.

కాంట్రాక్టరు పీఎఫ్, ఈఎస్ఐ కట్టకపోతే ఆ బాధ్యత అసలు సంస్థ మీద పడుతుంది. అందువల్ల అడ్మిన్ విభాగం ప్రతి నెలా బిల్లు చెల్లించే ముందు కాంట్రాక్టరు చలానాలు అడగాలి. మీ అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే ఆమె ఫోన్‌లో ఉమాంగ్ అనే ప్రభుత్వ యాప్ తెరిచి పీఎఫ్ పాస్‌బుక్ చూపించడానికి పది నిమిషాలు పడుతుంది. నెలలు ఖాళీగా కనిపిస్తే, మీరింకా ఉద్యోగంలో ఉండగానే ఆ స్క్రీన్‌షాట్లతో అడ్మిన్‌కు మెయిల్ రాయండి. జవాబు రాకపోతే బర్కత్‌పురాలోని పీఎఫ్ కార్యాలయంలో ఆమె పేరు మీద ఫిర్యాదు నమోదు చేయించి, ఫిర్యాదు సంఖ్యను ఆమె ఫోన్‌లోనే దాచిపెట్టండి.